ఆకాశం క్లాసు: మన హాస్టల్ డాబా మీద నేర్చుకున్న పాఠాలు

2023 ఆగస్టు 23న సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగింది. ఆ సమయానికి మన హాస్టల్ టీవీ గదిలో కాలు పెట్టే చోటు లేదు. కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతూ చూసినవాళ్లు కూడా ఉన్నారు. దిగింది అని చెప్పగానే ఎగిరి గంతులేశాం. వంట అక్క గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

సందడి తగ్గాక ఆరో తరగతి తమ్ముడు ఒకడు అడిగాడు: "అన్నా, చందమామ మీద దిగింది సరే. ఇప్పుడు చందమామ ఎక్కడుంది?"

అందరం బయటికి వచ్చి చూశాం. దక్షిణం వైపు ఆకాశంలో దాదాపు సగం చంద్రుడు ఉన్నాడు. "సగమే ఎందుకుంది? మిగతా సగం ఏమైంది?" అని వాడే మళ్లీ అడిగాడు. భూమి నీడ పడిందని ఒకరు, మబ్బు అడ్డం వచ్చిందని ఒకరు చెప్పాం. రెండూ తప్పే. పరీక్షలో చంద్రకళల ప్రశ్నకు మార్కులు తెచ్చుకున్నవాళ్లం, నిజం చంద్రుడిని చూపిస్తే జవాబు చెప్పలేకపోయాం. ఆ సిగ్గులోంచే మన ఆకాశం క్లాసు పుట్టింది.

ఈ వార్షికోత్సవ సంచికలో ఆ క్లాసు గురించి రాయమని వార్డెన్ సార్ అన్నారు. గొప్పలు చెప్పుకోవడం కంటే, చదివిన ప్రతివారూ తమ ఇంటి దగ్గర చేసి చూసుకునేలా పాఠాలనే రాద్దామనుకున్నాం. చివర్లో మేము పోగొట్టుకున్న ఒక అవకాశం గురించి కూడా రాశాం. అది మాత్రం తప్పక చదవండి.

ఎలా మొదలైంది

ఏటా అక్టోబర్ 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు జరుగుతాయి. ఐక్యరాజ్యసమితి 1999లో వీటిని ప్రకటించింది. 1957 అక్టోబర్ 4న మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ పైకి వెళ్లింది. 1967 అక్టోబర్ 10న అంతరిక్షాన్ని శాంతి కోసమే వాడుకోవాలన్న దేశాల ఒప్పందం అమలులోకి వచ్చింది. ఆ రెండు తేదీల మధ్య వారం ఇది. మన రాష్ట్రంలో శ్రీహరికోటలోని సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం వారు ఈ వారంలో బడిపిల్లలకు క్విజ్, వ్యాసరచన, ప్రదర్శనలు ఏర్పాటు చేస్తుంటారు.

ఆ వారంలోనే, 2023 అక్టోబర్ 7 శనివారం నాడు, మన డాబా మీద మొదటి క్లాసు జరిగింది. డిగ్రీ చదువుతున్న మన పూర్వ విద్యార్థి అన్న ఒకరు, బడిలో సైన్సు చెప్పే మాస్టారు ఒకరు ముందుకొచ్చారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లకే అని నియమం. పదో తరగతి వాళ్లకు స్టడీ అవర్ తప్పించరాదని సార్ ఖచ్చితంగా చెప్పారు. శనివారం సాయంత్రం గుగ్గిళ్లు తిన్నాక మొదలుపెట్టి, రాత్రి భోజనం గంట కొట్టేలోగా ముగించాలి.

సామాను ఏమిటంటారా? ఒక మీటరు కర్ర, ఒక బల్బు, ఒక బత్తాయి పండు, దారం, చార్టులు, పాత కూల్‌డ్రింకు సీసాలు, సైకిలు పంపు. మొత్తం ఒక ట్రంకు పెట్టెలో పడుతుంది. దుర్భిణి మా దగ్గర లేదు. లేకుండా ఎంత నేర్చుకోవచ్చో కింద చదవండి.

పాఠం 1: సగం చంద్రుడు

చీకటి గదిలో ఒక బల్బు వెలిగించండి. అది సూర్యుడు. మీ తల భూమి. పుల్లకు గుచ్చిన బత్తాయిని చెయ్యి చాచి పట్టుకోండి. అది చంద్రుడు.

బల్బుకు ఎదురుగా నిలబడి బత్తాయిని చూడండి. మీవైపు ఉన్నదంతా చీకటి. అదే అమావాస్య. ఎడమవైపుకు పావు చుట్టు తిరగండి. బత్తాయి కుడి సగం వెలుగుతుంది. అది శుక్లపక్ష అష్టమి. ఇంకో పావు తిరిగితే బల్బు మీ వీపు వెనక ఉంటుంది. బత్తాయిని తలకంటే కాస్త ఎత్తులో పట్టుకుంటే మొత్తం వెలుగుతుంది. అది పౌర్ణమి. బత్తాయిలో వెలుగుతున్న సగం ఎప్పుడూ ఉంటూనే ఉంది. ఆ సగంలో ఎంత భాగం మనకు కనిపిస్తుందన్నదే మారుతోంది. భూమి నీడకు ఇందులో పని లేదు.

ఇప్పుడు బత్తాయిని సరిగ్గా తల ఎత్తుకు దించండి. మీ తల నీడ దాని మీద పడుతుంది. అది చంద్రగ్రహణం. ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదు? చంద్రుడు తిరిగే దారి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. కాబట్టి చాలాసార్లు నీడకు పైనుంచో కిందనుంచో తప్పుకుపోతాడు.

ఈ పాఠం అర్థమయ్యాక ఆ ఆగస్టు సాయంత్రం గురించి ఇంకో సంగతి తెలిసింది. విక్రమ్ దిగింది ఆ వెలుగుతున్న సగంలోనే, దక్షిణ ధ్రువం వైపు. అక్కడ అప్పటికి తెల్లవారి ఎక్కువ కాలం కాలేదు. చంద్రుడి మీద పగలు మన లెక్కలో సుమారు 14 రోజులు. సౌరఫలకాలతో పనిచేసే యంత్రానికి ఆ పగలంతా దక్కాలంటే పొద్దుటే దిగాలి. మన శాస్త్రవేత్తలు ముహూర్తం పెట్టింది అలా.

2025 సెప్టెంబర్ 7 ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చింది. 11 గంటల నుంచి 12 గంటల 22 నిమిషాల వరకు చంద్రుడు పూర్తిగా నీడలో ఉన్నాడు. లంక గ్రామం నుంచి వచ్చిన ఆరో తరగతి తమ్ముడు దుప్పటి ముసుగు తీయలేదు. గ్రహణం చూడకూడదని వాళ్ల నాయనమ్మ చెప్పిందట. మేము వాడిని వెక్కిరించలేదు, బలవంతం చేయలేదు. బల్బు, బత్తాయి తెచ్చి వాడి చేతికే ఇచ్చాం. తన తల నీడ బత్తాయి మీద పడటం చూసి నవ్వి, "ఇంతేనా!" అన్నాడు. తర్వాత మబ్బుల సందున ఎర్రటి చంద్రుడిని మాతోపాటే చూశాడు. మరుసటి వారం నాయనమ్మ వాడిని చూడటానికి వస్తే ఆవిడకూ పాఠం చెప్పాడు!

పాఠం 2: కర్ర నీడతో భూమిని కొలవడం

సుమారు 2,200 ఏళ్ల క్రితం ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే పండితుడు రెండు ఊళ్లలో మధ్యాహ్నపు ఎండ వాలును పోల్చి భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. అదే లెక్క మేము 2025 మార్చి 21న చేశాం. ఒంటిపూట బడులు మొదలైన రోజులు. బడి ఆవరణలోనే కర్ర పాతాం.

ఎలా చేయాలంటే:

1. చదునైన నేల మీద మీటరు కర్రను నిటారుగా నిలపండి. తాడుకు రాయి కట్టి వేలాడదీసి నిటారుగా ఉందో లేదో సరిచూసుకోండి.

2. పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా ఐదు నిమిషాలకోసారి నీడ కొనదగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టండి. అన్నిటికంటే పొట్టి నీడే మీకు కావలసింది. ఆ నీడ పడిన గీత ఉత్తర దక్షిణాలను కూడా చూపిస్తుంది.

3. గడియారంలో పన్నెండు కొట్టినప్పుడే నీడ పొట్టిగా ఉండాలని లేదు. మన దేశ కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన నడుస్తుంది. ఆ రేఖ కాకినాడకు కాస్త తూర్పుగా అన్నవరం, తునిల మధ్య నుంచి పోతుంది. మనం దానికి కొంచెం పడమర. అదీకాక సూర్యుడి నడక ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. ఆ రోజు మాకు పొట్టి నీడ పన్నెండుంపది ప్రాంతంలో వచ్చింది.

4. మా నీడ 30½ సెంటీమీటర్లు. చెన్నైలో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థి ఒకరు అదే రోజు తన గది మేడ మీద మీటరు కర్రతో కొలిచి ఫోనులో చెప్పారు: 23 సెంటీమీటర్లు. ఆయన మనకంటే పడమర ఉన్నారు కాబట్టి ఆయన పొట్టి నీడ ఆరు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది.

5. చార్టు మీద కర్రనూ నీడనూ త్రిభుజంగా గీసి కోణమానినితో కొలిచాం. మన దగ్గర కోణం 17 డిగ్రీలు, చెన్నైది 13 డిగ్రీలు. తేడా 4 డిగ్రీలు.

6. వృత్తానికి 360 డిగ్రీలు. 360ని 4తో భాగిస్తే 90. అంటే మనకూ చెన్నైకీ మధ్య ఉత్తర దక్షిణాల దూరం వంటివి 90 కలిస్తే భూమి చుట్టూ ఒక చుట్టు. పటంలో స్కేలు పెట్టి చూస్తే ఆ దూరం సుమారు 425 కిలోమీటర్లు. 425 ఇంటూ 90, అంటే 38,250 కిలోమీటర్లు.

ధ్రువాల మీదుగా అసలు చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. ఒక కర్ర, ఒక ఫోను కాల్‌తో వందకు ఐదు లోపు తేడాతో భూమిని కొలిచాం. అర సెంటీమీటరు నీడ తప్పుగా కొలిచినా జవాబు రెండు మూడు వేల కిలోమీటర్లు మారిపోతుందని కూడా తెలుసుకున్నాం. కొలత దగ్గర నిర్లక్ష్యం పనికిరాదన్న మాట అప్పుడే మాకు బాగా పట్టింది.

మార్చి 21న నీడ కోణం మీ ఊరి అక్షాంశానికి దాదాపు సమానం. మనది సుమారు 17 డిగ్రీలని పుస్తకం చూడకుండా చెప్పగలం. ఇంకో తమాషా ఏమిటంటే, మన ప్రాంతంలో ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం నిటారు వస్తువుకు నీడే ఉండదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మనకు అది మే 8 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 5 ప్రాంతంలో ఇంకోసారి. మేలో మనం సెలవుల్లో ఉంటాం. 2025 ఆగస్టు 5న బడి దగ్గర కర్ర నిలిపి కాచుకున్నాం. మబ్బు పట్టేసింది. పన్నెండు దాటాక ఐదారు నిమిషాలు ఎండ కాసింది. ఆ కాసేపట్లోనే కర్ర నీడ కర్ర కిందికే చేరిపోవడం చూశాం.

పాఠం 3: పిడికిలితో నక్షత్రాలు

చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. నడుమ మూడు వేళ్లు కలిపితే సుమారు 5 డిగ్రీలు. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తులో ఉంటుందో మీ అక్షాంశం అంత. కాబట్టి మన డాబా మీద నుంచి ఉత్తరాన రాజమండ్రి దీపాల వెలుగు పైన ఒక పిడికిలి, దాని మీద మూడు వేళ్లు పెట్టి, ఇంకాస్త పైన వెతకండి. అంత మెరుపు ఉండదు. కానీ మిగతావన్నీ కదిలినా అది మాత్రం అక్కడే ఉంటుంది.

నక్షత్రాల్లో మాకు మొదటి గురువు వంట అక్క. కార్తిక మాసంలో తూర్పున గుంపుగా కనిపించే చిన్న చుక్కలను చూపించి "అదిగో పిల్లలకోడి" అంది. పుస్తకంలో వాటి పేరు కృత్తికలు. వేగుచుక్క నిజానికి చుక్క కాదని, శుక్రగ్రహమని మేము ఆమెకు చెప్పాం. ఇచ్చిపుచ్చుకోవడం సరిపోయింది.

కొన్ని సాయంత్రాలు, పొద్దుగూకిన తర్వాత, మిణుకుమిణుకుమనకుండా నిలకడగా వెలుగుతూ నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటిపోయే చుక్క కనిపిస్తుంది. అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో, గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టి వస్తుంది. అంటే నడినెత్తిన ఉన్నప్పుడు అది మనకు చెన్నై కంటే దగ్గర! 2025 జూన్ 25న బయలుదేరిన మన దేశపు శుభాంశు శుక్లా అందులోకే వెళ్లి జూలై 15న తిరిగొచ్చారు.

ఇదంతా మనకెందుకు?

ఈ ప్రశ్న మా ఇళ్లలో చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మాలో ఎక్కువమంది కూలి పనులకు వెళ్లేవాళ్ల పిల్లలం.

1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయిన సంగతి మా తాతలు ఇప్పటికీ చెబుతారు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పటికి రెండు మూడు రోజుల ముందు నుంచే అది ఎటు వస్తోందో అందరికీ తెలుసు. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఇన్సాట్ ఉపగ్రహాల చిత్రాలు అరగంట తిరగకుండా వస్తూనే ఉన్నాయి. మమ్మల్ని ముందే ఇళ్లకు పంపారు. తీరం ఊళ్ల వాళ్లను పునరావాస కేంద్రాలకు తరలించారు.

1996లోనూ ఉపగ్రహాలు ఉన్నాయి. అయితే పైనుంచి చిత్రం తీయడం ఒక పని. ఆ కబురు లంకలో గుడిసెలో ఉన్న మనిషి చెవిన వేళకు పడటం ఇంకో పని. రెండోది జరగకపోతే మొదటిది ఎంత గొప్పదైనా ప్రయోజనం లేదు. ఈ మాట గుర్తుంచుకుని తర్వాతి భాగం చదవండి.

మేము పోగొట్టుకున్నది

ఇస్రో 2019లో యువికా అనే యువ విజ్ఞాని కార్యక్రమం మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతి పిల్లల కోసం అది. ఎంపికైన వాళ్లను వేసవిలో సుమారు రెండు వారాలు ఇస్రో కేంద్రాల్లో ఉంచి, శాస్త్రవేత్తలతో పాఠాలు చెప్పిస్తారు. ప్రయాణం, వసతి, భోజనం ఖర్చు ఇస్రోదే. 2024లో దేశం మొత్తం మీద సుమారు 350 మందికి అవకాశం వచ్చింది.

ఎంపిక ఎలాగో చూడండి. ఇటీవలి ప్రకటనల ప్రకారం వందలో 50 ఎనిమిదో తరగతి మార్కులకు, 10 ఆన్‌లైన్ క్విజ్‌కు. సైన్సు ఫెయిర్‌లో పాల్గొంటే 10 వరకు. ఒలింపియాడ్‌కు 5 వరకు, ఆటలకు 5 వరకు. స్కౌట్స్, ఎన్.సి.సి. వంటి వాటికి 5. పంచాయతీ పరిధిలోని గ్రామీణ బడిలో చదివితే 15. ఆ చివరి పదిహేను మనం పుట్టిన ఊరు మనకిచ్చిన మార్కులు. పట్నం పిల్లలకు అవి రావు.

మాలో ఒకడు, ఆకాశం క్లాసు మొదటి బ్యాచ్ వాడు, 2025 జనవరికి తొమ్మిదో తరగతిలో ఉన్నాడు. ఎనిమిదిలో బడికి రెండో ర్యాంకు. మార్చి 21న నీడ కొలిచిన రోజు సుద్దముక్క పట్టుకున్నది వాడే. దరఖాస్తుకు ఆఖరి రోజు మార్చి 23. ఆ సంగతి మాకు తెలిసింది ఆ తర్వాత మూడు రోజులకు, వేరే పని మీద వచ్చిన ఒకాయన మాటల్లో. ప్రకటన ఫిబ్రవరిలోనే వచ్చిందట. కాగితం ఎక్కడో చోట చేరే ఉంటుంది. మా వరకు రాలేదు.

వాడు ఏడవలేదు. రాత్రి అన్నం సగంలో లేచి వెళ్లి కడుక్కున్నాడు. మేము భూమి చుట్టుకొలత కొలిచి పొంగిపోతున్న వారమది. దరఖాస్తు పెట్టినా ఎంపికయ్యేవాడో లేదో ఎవరూ చెప్పలేరు. ప్రయత్నించి ఓడిపోవడం వేరు, ప్రయత్నించే తలుపు ఉందనే తెలియకపోవడం వేరు.

ఓడిపోవడం గురించి కూడా మాకు ఒక పాఠం ఉంది. దేశంలోని 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు కలిసి ఆజాదీశాట్ అనే చిన్న ఉపగ్రహం తయారుచేశారు. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి ఎస్.ఎస్.ఎల్.వి. మొదటి ప్రయోగంలో అది పైకి వెళ్లింది. కానీ సరైన కక్ష్యలో నిలవలేదు. వాళ్లు మళ్లీ చేశారు. 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2 కక్ష్యలోకి చేరింది. మన పక్కనే పాలకొల్లుకు చెందిన దంగేటి జాహ్నవి గారు 2021లో అమెరికా వెళ్లి అంతర్జాతీయ ఎయిర్ అండ్ స్పేస్ ప్రోగ్రామ్ పూర్తిచేసి వచ్చారు. కాబట్టి గోదావరి గట్టు నుంచి దారి ఉంది. ఆ దారి ఎప్పుడు తెరుస్తారో తెలియాలి, అంతే.

ఇకపై

మా స్నేహితుడు ఇప్పుడు పదో తరగతి. యువికాకు వాడి వయసు దాటిపోయింది. ఈ ఏడాది మొదట్లో వాడే ఒక పాత తలుపు చెక్కకు నల్లరంగు వేసి భోజనశాల గుమ్మం పక్కన నిలబెట్టాడు. దాని మీద పోటీ పేరు, ఏ తరగతి వారికి, ఆఖరి తేదీ, మూడే గళ్లు. ప్రతి సోమవారం బడిలో మాస్టారిని అడిగి వచ్చి రాస్తాడు. ప్లేటు పట్టుకుని వరసలో నిలబడ్డ ప్రతివాడూ అది చదవక తప్పదు.

తమ్ముళ్లకు మా మాట. ఆరో తరగతి నుంచే ఒక ఫైలు పెట్టుకోండి. సైన్సు ఫెయిర్ సర్టిఫికెట్, ఆటల సర్టిఫికెట్, మార్కుల జాబితా అందులో దాచండి. ట్రంకు పెట్టె అడుగున పెడితే చెద పట్టేస్తుంది, పైన పెట్టండి. ఎనిమిదో తరగతి పబ్లిక్ పరీక్ష కాదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ మార్కులే యాభై.

పూర్వ విద్యార్థి అన్నలకు మా విన్నపం. ప్రతి వార్షికోత్సవానికీ మీరు పుస్తకాలో ఫ్యాన్లో ఇస్తున్నారు. దానికి కృతజ్ఞులం. ఈసారి ఇంకో రెండు అడుగుతున్నాం. ఫిబ్రవరి నెలలో ఎవరో ఒకరు హాస్టల్‌కు ఫోను చేసి "యువికా ప్రకటన వచ్చిందా, తొమ్మిదో తరగతి వాళ్లు నింపారా?" అని అడగండి. ఒక్కరు మరిచిపోయినా పదిమంది అడిగితే కబురు తప్పిపోదు. రెండోది, మార్చి 21 మధ్యాహ్నం మీరు ఏ ఊళ్లో ఉన్నా ఒక మీటరు కర్ర నిలబెట్టి, పొట్టి నీడ ఎన్ని సెంటీమీటర్లో మాకు చెప్పండి. హైదరాబాదు, బెంగుళూరు, గల్ఫు, ఎక్కడైనా సరే. ఈసారి ఒక్క చెన్నైతో కాకుండా మీ అందరి నీడలతో భూమిని కొలుస్తాం.

ఆ లెక్క వచ్చే ఏటి సంచికలో అచ్చువేస్తాం. అందులో మీ ఊరి పేరు ఉండాలని కోరుకుంటూ,

మీ
ఆకాశం క్లాసు విద్యార్థులు